బడి గోడకు ఎవరి రంగు వేయించాలి?

తర్వాత చదివేవాళ్ల కోసం ముందుగా ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. ఉలవపాడుకూ సింగరాయకొండకూ మధ్య హైవే పక్కన ఒక ఊరు. అడిగినవారు అక్కడి బడి తల్లిదండ్రుల కమిటీలో సభ్యులు. ఒక కూల్‌డ్రింక్ కంపెనీ మనుషులు వచ్చి బడికి మంచినీటి ప్లాంటు పెట్టిస్తాం, ప్రహరీకి రంగులు వేయిస్తాం, గోడ మీద మా గుర్తు ఉంటుంది అన్నారట. నాలుగు రోజులు గడవకముందే పోటీ కంపెనీ మనుషులు దిగారు. ప్లాంటుతో పాటు రెండు తరగతి గదులకు టైల్స్ కూడా వేయిస్తాం, అయితే ఊళ్లో కొట్లన్నిటిలో మా ఫ్రిజ్ ఒక్కటే ఉండాలి అన్నారట. ఊరు రెండుగా చీలింది. సామాజిక బాధ్యత అంటే ఇదేనా, తీసుకోవాలా వద్దా అన్నది ప్రశ్న.

నేను ఇరవై ఆరేళ్లు కావలికీ ఒంగోలుకూ మధ్య ఈ సీసాలు మోయించినవాణ్ని. పదిహేడేళ్లు ఒక కంపెనీకి డిస్ట్రిబ్యూటర్‌ని, ఆ తర్వాత తొమ్మిదేళ్లు దాని పోటీదారుకు. ఇద్దరి చక్కెరా తిన్నాను. ఇప్పుడు వ్యాపారం మానేశాను, ఎవరికీ బాకీ లేను.

రెండోవారు తెచ్చింది వ్యాపార ఒప్పందం. దానికి బడి పేరు తగిలించారు, అంతే. మొదటివారిది కాస్త మర్యాదగా కనిపిస్తోంది గానీ, గోడ మీద గుర్తు అడగడంతోనే అదీ ఆ కోవలోకే వెళ్లిపోయింది. ఇది నా కోపం కొద్దీ అంటున్న మాటగా తీసుకోకండి, చట్టంలో ఉన్నదే చెబుతున్నాను.

2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ అంతకు ముందు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. అందరూ సీఎస్‌ఆర్ అనేది దీన్నే. 2021లో నిబంధనలను సవరించినప్పుడు ఏ ఖర్చులు ఈ లెక్కలోకి రావో విడమరిచి రాశారు. సొంత ఉద్యోగులకు చేసింది రాదు. రాజకీయ పార్టీకి ఇచ్చింది రాదు. మామూలు వ్యాపారంలో భాగంగా చేసేది రాదు. తమ సరుకుకు ప్రచారం దక్కాలని స్పాన్సర్ చేసింది రాదు. ఇంకో చట్టం కింద ఎలాగూ చేసి తీరాల్సిన పని కూడా రాదు. ఈ చివరిది గుర్తుపెట్టుకోండి. రేపు ఎవరైనా మీ ఊరికి ప్లాస్టిక్ సీసాలు వేసే డబ్బా తెచ్చి పెట్టి, ఫొటో దిగి, సేవ చేశాం అంటే పక్కన నిలబడి చప్పట్లు కొట్టనక్కరలేదు. ప్లాస్టిక్‌ను బజారులోకి వదిలిన కంపెనీయే ఆ మేరకు వ్యర్థాన్ని వెనక్కి తీసి రీసైకిల్ చేయించాలన్నది ఇప్పుడు నిబంధన. 2022లో దాన్ని బాగా బిగించారు. విధిగా కట్టాల్సిన శిస్తును చందా అని రాయించుకున్నట్టే ఉంటుంది ఆ డబ్బా.

బడి విషయంలో ఇంకో నిబంధన కూడా ఉంది, అది మీ గోడకు నేరుగా తగులుతుంది. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో బడిపిల్లల ఆహారం గురించి నిబంధనలు తెచ్చింది. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తినుబండారాలను, పానీయాలను బడి ఆవరణలో గానీ, గేటు నుంచి ఏ దిక్కున చూసినా 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదు, ప్రచారం చేయకూడదు, ఉచితంగా కూడా పంచకూడదు. చాలా కోలాల్లో 100 మిల్లీలీటర్లకు పది గ్రాముల చుట్టుపక్కల చక్కెర ఉంటుంది. పావు లీటరు సీసా తాగిన పిల్లవాడు ఐదారు చెంచాల చక్కెర తాగినట్టు. అలాంటి సరుకు గుర్తు బడి ప్రహరీ మీద వేయించుకుని, రేపు ఏ అధికారి వచ్చి అడిగినా సమాధానం చెప్పుకోవాల్సింది ప్రధానోపాధ్యాయుడు. రంగు వేసిన పెయింటరు అప్పటికి ఇంకో ఊళ్లో ఉంటాడు.

ఇక వీళ్లిద్దరూ నాలుగు రోజుల తేడాలో ఎందుకు వచ్చారన్నది చూద్దాం. నాకు బాగా తెలిసింది అదే.

ఈ పోటీ పాతది. 1886లో అట్లాంటాలో జాన్ పెంబర్టన్ అనే మందుల వ్యాపారి కోకకోలా కలిపాడు. 1893లో ఉత్తర కరోలినాలో కేలబ్ బ్రాధమ్ అనే ఇంకో మందుల కొట్టాయన ఇంకోటి కలిపాడు, 1898లో దానికి పెప్సీ కోలా అని పేరు పెట్టాడు. ఇద్దరూ మందుల కొట్ల నుంచి వచ్చినవాళ్లే కావడం నాకెప్పుడూ నవ్వు తెప్పిస్తుంది, మా డాక్టరు నాకు మొదట మాన్పించింది ఇదే కాబట్టి. మన దేశంలో కథ వేరు. విదేశీ కంపెనీలు వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలని జనతా ప్రభుత్వం పట్టుబట్టడంతో 1977లో కోకకోలా వెళ్లిపోయింది. పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్. ఆ ఖాళీలో పార్లే వాళ్లు థమ్స్ అప్ తెచ్చారు. ప్రభుత్వం తన వంతుగా డబుల్ సెవెన్ తెచ్చింది, అది నిలబడలేదు. థమ్స్ అప్ మాత్రం మన ఆంధ్రలో ఎంత పాతుకుపోయిందంటే, కొట్లో కోలా అడిగేవాడికి ఆ పేరు తప్ప ఇంకోటి నోట రాదు.

పెప్సీ 1990లో వచ్చింది. విదేశీ పేరు ఒక్కటే పెట్టకూడదన్న షరతుతో ‘లెహర్ పెప్సీ’గా వచ్చింది, పంజాబ్ ప్రభుత్వ సంస్థ పంజాబ్ ఆగ్రో, టాటాల వోల్టాస్‌లతో కలిసి. దేశంలో అడుగుపెట్టడానికి వాళ్లు అప్పట్లో చెప్పిన ప్రధాన కారణం కోలా కాదు. పంజాబ్ రైతుకు మేలు చేస్తాం, టమోటాలు, పండ్లు ప్రాసెస్ చేస్తాం అన్నారు. సీఎస్‌ఆర్ అన్న మాట అప్పటికి మన దగ్గర ఎవరి నోటా లేదు. కానీ తలుపు తట్టేటప్పుడు చేతిలో ఒక మంచిపని పట్టుకుని రావడం మాత్రం అప్పటి నుంచే ఉంది. మీ ఊరికి వచ్చిన టైల్స్ కూడా ఆ వరసలోవే. 1993లో కోకకోలా తిరిగి వచ్చి పార్లే దగ్గర థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, మాజా పేర్లు కొనేసింది. 1996 క్రికెట్ ప్రపంచకప్‌కు అధికారిక పానీయం హక్కు కోక్ కొనుక్కుంటే, ఇందులో అధికారికం ఏమీ లేదంటూ పెప్సీ తన ప్రకటనల్లో వెక్కిరించి అందరి చూపునూ తన వైపు తిప్పుకుంది. 2000 తర్వాత మన దగ్గర ఇంకా విచిత్రం. అన్న చిరంజీవి థమ్స్ అప్ పట్టుకున్నాడు, తమ్ముడు పవన్ కల్యాణ్ పెప్సీ పట్టుకున్నాడు. కావలిలో ఒకే కొట్టుకు ఒక పక్క అన్న, ఇంకో పక్క తమ్ముడు. ఆ కొట్టాయన ఇద్దరి అభిమానుల దగ్గరా డబ్బులు తీసుకుని మజ్జిగ తాగేవాడు.

బొమ్మల పోటీ పైకి కనిపించేది. అసలు పోటీ ఫ్రిజ్ దగ్గర. అద్దం తలుపు ఉన్న ఆ ఫ్రిజ్ కంపెనీది, కొట్టుది కాదు. కరెంటు బిల్లు కొట్టుది. అందులో తమ సీసాలు తప్ప వేరేవి ఉండకూడదని కంపెనీ షరతు. సేల్స్‌మేన్ వచ్చినప్పుడల్లా తలుపు తెరిచి చూసి ఫొటో తీసుకుంటాడు. పై అరలో నాలుగు మజ్జిగ ప్యాకెట్లు కనిపిస్తే ముఖం మాడ్చుకుంటాడు. నేనూ అలా తనిఖీలు చేయించినవాణ్నే. మా కొట్లవాళ్లు సేల్స్‌మేన్ బండి చప్పుడు వినగానే పాల ప్యాకెట్లు బియ్యం బస్తా వెనక దాచేవారు. ఎండాకాలంలో పాలు అక్కడే విరిగిపోయేవి. చల్లగా కనపడని సీసా అమ్ముడుపోదు, అందుకే ఇంత పట్టుదల. హైవే పక్క ఊళ్లో పది కొట్లున్నాయంటే, పదింటి తలుపు దక్కించుకోవడానికి రెండు గదుల టైల్స్ చాలా చవక. మీ ఊరి కొట్లన్నీ ఒకే కంపెనీ చేతిలోకి వెళ్లాక ఏమవుతుందో కూడా చెబుతాను. మొదటి వేసవిలో కేసుకు, అంటే సీసాల పెట్టెకు, కొన్ని సీసాలు ఉచితం. రెండో వేసవికి ఆ స్కీము పోతుంది. మూడో వేసవికి పోటీవాడి బండి మీ ఊరికి రావడమే మానేస్తుంది. అప్పుడు కొట్టాయనకు బేరమాడే గొంతు ఉండదు.

ఈ పోటీ కొట్టుకు మేలు చేసిన సందర్భం ఈ మధ్యే చూశాం. రిలయన్స్ 2022లో క్యాంపా అనే పాత కూల్‌డ్రింక్ పేరు కొని 2023 మార్చిలో మళ్లీ మార్కెట్‌లోకి తెచ్చింది. మొదట దింపింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. 200 మిల్లీలీటర్లు పది రూపాయలు. పెద్దవాళ్లిద్దరూ ధరలు చూసుకోక తప్పలేదు. కూల్‌డ్రింకుల మీద పన్ను 40 శాతం ఉన్నా, ఆ పది రూపాయల్లో పావు వంతుకు పైనే పన్నుకు పోతున్నా, ఆ ధరకు ఇవ్వగలిగారు. ముగ్గురు ఉండబట్టే అది జరిగింది. అందుకే మీ కమిటీ చేయకూడని పని ఒకటి స్పష్టంగా చెబుతున్నాను. బడి కోసం కొట్లవాళ్ల తరఫున మాట ఇవ్వకండి. మీది కాని తలుపును మీరు అమ్మలేరు.

ఇప్పుడు మంచినీటి ప్లాంటు సంగతి. నీళ్ల దగ్గరే ఈ కంపెనీల మంచీ చెడూ రెండూ తేలేది, కాబట్టి కాస్త ఆగి చెబుతాను.

సీసాలో ఉన్నదంతా దాదాపు నీళ్లే. సీసాలు కడగడానికి, యంత్రాలు శుభ్రం చేయడానికి ఇంకొన్ని నీళ్లు. కేరళలో పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడలో 2000లో కోకకోలా ఫ్యాక్టరీ మొదలైంది. రెండేళ్లు తిరక్కుండానే చుట్టుపక్కల బావులు అడుగంటాయని, నీళ్లు వంటకు పనికిరావడం లేదని ఆదివాసీలు రోడ్డెక్కారు. మయిలమ్మ అనే మహిళ ముందు నిలిచింది. పెరుమాట్టి పంచాయతీ లైసెన్సు పొడిగించనంది. 2004 మార్చిలో ఫ్యాక్టరీ మూతపడింది. మన చర్చకు కావాల్సింది ఇందులో ఒక చిన్న ముక్క. ఆ ఫ్యాక్టరీ మడ్డిని చుట్టుపక్కల రైతులకు ఎరువుగా ఇచ్చారు. 2003లో బీబీసీ పరీక్ష చేయిస్తే అందులో కాడ్మియం, సీసం బయటపడ్డాయి. తీసుకున్న రైతులు తమకు మేలే జరుగుతోందనుకున్నారు. 2010లో రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ నష్టం 216 కోట్లకు పైనే అని లెక్క కట్టింది. పరిహారం తేల్చే ట్రైబ్యునల్ కోసం 2011లో అసెంబ్లీ బిల్లు ఆమోదించినా అది చట్టం కాలేదు.

ఆ దెబ్బ తర్వాత కంపెనీలు నీళ్ల లెక్క నేర్చుకున్నాయి. వాడినంత నీటిని భూమికి తిరిగి ఇస్తున్నాం అని పెప్సీ మన దేశంలో 2009లోనే ప్రకటించింది. కోకకోలా ప్రపంచమంతటికీ అలాంటి లెక్కే 2015కు పూర్తయిందంది. అబద్ధం అనను. చెక్‌డ్యాములు కట్టారు, చెరువులు బాగుచేశారు. లెక్క కట్టిన తీరులోనే ఉంది చిక్కు. పెప్సీ తిరిగి ఇచ్చానన్న నీటిలో వరిని నారు పోయకుండా నేరుగా విత్తించి మిగిల్చిన నీళ్లు కూడా ఉన్నాయి. పెన్నా ఆయకట్టు రైతుకు ఆ పద్ధతి కొత్తేమీ కాదు, నీళ్లు మిగలడం నిజమే. కానీ ఒక రాష్ట్రంలో పొలంలో మిగిలిన నీళ్లు ఇంకో రాష్ట్రంలో ఫ్యాక్టరీ పక్క బోరులోకి రావు. కావలిలో తీసుకున్న అప్పును కర్నూలులో ఎవరికో చెల్లించి రసీదు చూపిస్తే మీరు ఒప్పుకుంటారా? పైగా ఆ చక్కెర కోసం పెరిగిన చెరకు తాగిన నీళ్లు ఈ లెక్కల్లో కనపడవు.

మీ ఊళ్లో ఫ్యాక్టరీ లేదు. మీకు వచ్చే సీసాలు ఎక్కడో దూరంగా నిండి వస్తాయి. పెప్సీ వాళ్లది శ్రీసిటీలో 2015లో మొదలైంది, మన తడ దాటగానే. సీఎస్‌ఆర్ చట్టం కంపెనీ పనిచేసే చోటుకు, చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇమ్మంటుంది. అంటే నిజమైన సీఎస్‌ఆర్ డబ్బు మొదట వెళ్లాల్సింది నీళ్లు తోడిన ఊళ్లకు. ఎంతో దూరాన ఉన్న హైవే పక్క బడి మీద ఇంత ప్రేమ పుట్టిందంటే, ఆ ప్రేమ హైవే మీదే అని అర్థం చేసుకోవడం మంచిది.

ప్లాంటు పెట్టి వెళ్లిపోవడం గురించి నా అనుభవం ఒకటి. కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉంటుందో మన జిల్లాల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ ప్రాంతంలో ఒక ఊరికి ఒక కంపెనీ, పేరు ఎందుకులెండి, ప్లాంటు పెట్టించింది. ప్రారంభోత్సవానికి మజ్జిగ, పులిహోర ఏర్పాటు చేసింది నేనే. కంపెనీ రంగుల్లో షెడ్డు, రిబ్బను, ఫొటోలు. వడపోసే పొరను, అంటే మెంబ్రేన్‌ను, కొన్నేళ్లకోసారి మార్చాలని, దానికి వేల రూపాయలు అవుతాయని ఆ రోజు ఎవరూ అనలేదు. రెండేళ్లయ్యాక నీళ్ల రుచి మారింది. ఊరివాళ్లు నాకు ఫోన్ చేశారు. నేను కంపెనీకి చేశాను. ఆ ఏడాది ప్రాజెక్టు ముగిసింది, ఇప్పుడు వేరే జిల్లా నడుస్తోంది అన్నారు. నిర్వహణ పంచాయతీది అన్న కాగితం తీసి చూపించారు. సర్పంచి సంతకం ఉంది. ఆయన చదవకుండానే పెట్టాడు. షెడ్డు ఇంకా ఉంది, మేకలు ఎండకు అందులో పడుకుంటాయి. దాని మీది గుర్తు మాత్రం చెక్కుచెదరలేదు, ఆ పెయింటు అంత నాణ్యమైనది. ఆ పులిహోర వడ్డించిన చేయి నాదే కాబట్టి ఈ మాట ఇంకెవరి మీదా నెట్టలేను. ఇంకోటి కూడా ఉంది. ఆర్వో ప్లాంటు శుద్ధి చేసిన నీళ్లతో పాటు ఉప్పు నీళ్లను బయటకు వదులుతుంది. మీది సముద్రానికి దగ్గర ఊరు. బోర్లు అసలే ఉప్పదేలి ఉంటాయి. ఆ వదిలిన నీళ్లు ఎటు పోతాయో ముందే అడగాలి.

మన పంటల పేరు చెప్పి మెప్పించబోతే కూడా తొందరపడకండి. మాజా లాంటి మామిడి పానీయాలకు ప్రధానంగా వాడేది తోతాపురి, అది చిత్తూరు వైపు సరుకు. కోకకోలా 2011లో అక్కడ డ్రిప్ పరికరాల కంపెనీ జైన్ ఇరిగేషన్‌తో కలిసి మామిడి రైతులకు ‘ఉన్నతి’ కార్యక్రమం మొదలుపెట్టింది, దగ్గర దగ్గరగా మొక్కలు నాటే పద్ధతి నేర్పింది. అది తమ సరుకుకు కావాల్సిన గుజ్జు కోసం చేసిన పని, రైతుకూ కొంత లాభమే. అయినా 2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు ఇవ్వాల్సి వచ్చింది. మన ఉలవపాడు మామిడి ఏ సీసాలోకీ వెళ్లదు, హైవే పక్క బుట్టల్లోనే అమ్ముడుపోతుంది. పొదలకూరు నిమ్మకాయల సంగతీ అంతే. నిమ్మ రుచి సోడాల్లో చాలావాటి లేబుల్ చూడండి, పండ్ల రసం లేదని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అన్నీ తోసిపుచ్చమని మాత్రం నేను చెప్పడం లేదు. ఇద్దరినీ తరిమేయాలన్నవారికి 2003 గుర్తుందేమో. సీఎస్‌ఈ అనే ఢిల్లీ పర్యావరణ సంస్థ పన్నెండు రకాల కూల్‌డ్రింకుల్లో పురుగుమందు అవశేషాలున్నాయని బయటపెట్టింది. పార్లమెంటు సంయుక్త సంఘం కూడా 2004లో నిజమేనంది. ఆ నెలల్లో నా గోడౌన్ నిండా సీసాలు, కొట్లలో మాత్రం గోళీ సోడా బండ్లకు పండగ. 2004లోనే కొందరు రైతులు పైర్ల మీద కోలా చల్లుతున్నారని పత్రికల్లో వచ్చింది, తీపికి చీమలొచ్చి పురుగుల్ని తింటాయట. అంత జరిగినా మళ్లీ వేసవికి అమ్మకాలు మామూలే. తరిమితే పోయేవాళ్లు కారు వీళ్లు. డబ్బు ఇస్తామని గుమ్మంలోకి వచ్చినప్పుడు మన షరతు మనం పెట్టడం నయం.

మీ స్థానంలో నేనుంటే గ్రామసభ పెట్టించి తీర్మానం రాయిస్తాను. బడి లోపల, ప్రహరీ మీద ఏ కంపెనీ గుర్తూ ఉండదు. కొట్ల ఊసు ఎత్తకూడదు. ప్లాంటు ఇస్తే కనీసం ఐదేళ్ల నిర్వహణ ఖర్చు, మెంబ్రేన్ మార్పిడితో సహా, ముందే రాసివ్వాలి. లేదా ప్లాంటు బదులు ఊరి చెరువు పూడిక తీయించండి అంటాను, దాని మీద రంగు వేయడానికి గోడ ఉండదు కాబట్టి అడిగినవాడి మనసు అక్కడ తెలుస్తుంది. పని చేయించే స్వచ్ఛంద సంస్థకు సీఎస్‌ఆర్ నమోదు సంఖ్య ఉండాలి, అది అడగండి. ఆ ఖర్చు కంపెనీ తన వెబ్‌సైటులో పెట్టే సీఎస్‌ఆర్ ప్రాజెక్టుల జాబితాలో కనిపించాలి. కనిపించకపోతే అది ప్రచారం ఖాతాలోంచి వచ్చిందని అర్థం. అప్పుడు తీసుకోవద్దనను, కానీ దాన్ని అద్దెగా లెక్క కట్టి ఏడాదికింత అని వసూలు చేయండి, బడి గోడకు కాకుండా బస్టాపు గోడకు.

వాళ్లు ఉత్తరం ఇచ్చాక ముందు దాని మీద ఎవరి పేరు, ఏ చిరునామా ఉందో చూడండి. కంపెనీ ప్రధాన కార్యాలయం నుంచి వస్తే మాట్లాడదగ్గది. ఒంగోలులోనో కావలిలోనో ఉన్న డిస్ట్రిబ్యూటర్ లెటర్‌హెడ్ మీద వస్తే, అది ఒకప్పుడు నేను సంతకం పెట్టిన కాగితాల్లాంటిదే. దాని వెనక కంపెనీ లేదు, ఈ వేసవి అమ్మకాల టార్గెట్ ఉంది.